ఎర్టిగాలో ఏడుగురు, 22 పాటలు

ఈసారి ఉత్తరం మియాపూర్ నుంచి. కాస్త కుదించి పెడుతున్నా, దాంతోపాటు స్క్రిప్టూ పాటల లిస్టూ కూడా పంపాడు.

"అక్కా నమస్తే. నాకు 34, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ జాబ్, రెండు షార్ట్ ఫిల్ములు తీశాను. ఇప్పుడు పెద్ద సినిమాకి కథ రాసుకున్నా. టెక్కలిలో తాతగారి ఇల్లు అమ్మేస్తున్నారు, సంతకాలకి నాన్న, పెదనాన్న ఇద్దరూ వెళ్లాలి, ఇద్దరికీ 11 ఏళ్లుగా మాటల్లేవు (కథలో అక్కా, కొంచెం నిజం కూడా). సంక్రాంతి టైంలో ట్రైన్ టికెట్లు దొరక్క నాన్న, అమ్మ, పెదనాన్న, పెద్దమ్మ, హీరో, వాడి భార్య (కరీంనగర్ అమ్మాయి), తొమ్మిదేళ్ల కూతురు, ఏడుగురూ ఒకే ఎర్టిగాలో హైదరాబాద్ నుంచి బయల్దేరతారు. సినిమాలో కొత్త పాట ఒక్కటీ ఉండదు. ఘంటసాల దగ్గర్నుంచి ఇప్పటి దాకా అందరికీ తెలిసిన 22 పాటలు, వాటితోనే కథ నడుస్తుంది, దీన్ని జూక్‌బాక్స్ మ్యూజికల్ అంటారు కదా. క్లైమాక్స్ లో పెరట్లో అన్నదమ్ములు కౌగిలించుకుంటారు, పాట. ఫ్రెండ్స్ అందరూ సూపర్ అన్నారు. ఒక ప్రొడ్యూసర్ ఆఫీసులో మాత్రం 'పాటల రైట్స్ కొనాలంటే నువ్వు ఇంకో ఇల్లు అమ్మాలి' అని నవ్వారు. పనికొస్తుందా, వదిలేయనా?"

వదిలేయకు తమ్ముడూ. అస్థికలు కలపడానికి వెళ్లే కథ కానందుకే ముందు నీకో దండం, రోడ్డు సినిమా అని ఎవరు కథ పంపినా డిక్కీలో ఒక కలశం ఉంటుంది, చదివి చదివి విసుగొచ్చింది. ఇల్లు అమ్మడం బావుంది, దాంట్లో డబ్బు ఉంది, చిన్నతనం ఉంది, ఎవరి వాటా ఎంత అనే గొడవ ఉంది, ఎవరూ చనిపోనక్కర్లేదు. కానీ నీ 22 పాటల లిస్టు చూశాక మాత్రం కాసేపు లేచి ఇంట్లో అటూఇటూ తిరిగొచ్చి కూర్చున్నా.

లెక్క చూడు. పాటకి సగటున నాలుగున్నర నిమిషాలు వేసుకున్నా 22 పాటలకి 99 నిమిషాలు. సినిమా 140 నిమిషాలు అనుకుంటే మిగిలేది 41. ఆ 41 నిమిషాల్లో ఏడుగురు పరిచయం అవ్వాలి, 11 ఏళ్ల గొడవ ఏంటో తెలియాలి, టోల్ గేట్లు దాటాలి, టిఫిన్ తినాలి, సంతకాలు పెట్టాలి. కుదరదు కదా. పూర్తిగా పాడే పాటలు ఓ ఆరు ఉంచు, మిగతావాటిలో ఓ పది ఒక లైనుకో, ఒక హమ్మింగ్ కో పరిమితం చెయ్, తక్కినవి తీసెయ్. ఏవి తీయాలో ఎలా తెలుస్తుంది అంటావేమో, ఆ పాట తీసేసినా పక్క సీన్ అర్థమవుతుంటే ఆ పాట అక్కర్లేదన్నమాట, అంతే.

ఇది చిన్న విషయం. అసలు చిక్కు వేరే ఉంది, నీ ఫ్రెండ్స్ ఎవరూ చెప్పనిది. లండన్ లో 1999లో అబ్బా అనే స్వీడన్ బ్యాండ్ పాటలు తీసుకుని వాటి చుట్టూ కొత్త కథ అల్లి 'మమ్మా మియా' అని నాటకం వేశారు, 2008లో సినిమా కూడా అయింది. నువ్వు చెప్పే జూక్‌బాక్స్ మ్యూజికల్ అంటే అందరూ చూపించేది దాన్నే. అక్కడ వాళ్లకి ఉన్న సుఖం ఏంటంటే ఆ పాటలు రికార్డుల మీద వచ్చినవి, వాటికి ముందే ఒక కథ లేదు, ఒక హీరో లేడు, ఎవరి నోట్లో పెట్టినా సరిపోతాయి. మన పాట అలా కాదు. మన పాట పుట్టడమే సినిమాలో పుడుతుంది, దానికి అప్పటికే ఒక ఎన్టీఆరో నాగేశ్వరరావో చిరంజీవో ఉంటారు, ఒక తెల్ల చొక్కా ఉంటుంది, ఒక కొబ్బరితోట ఉంటుంది. నీ పెదనాన్న పాత్ర సూర్యాపేట దగ్గర నోరు తెరవగానే వెనక ఘంటసాల గొంతు, పాత ఆర్కెస్ట్రా మోగాయనుకో, థియేటర్లో కూర్చున్నవాళ్లు నీ పెదనాన్నని చూడరు, వాళ్లకి ఇంకో సినిమా కనిపిస్తూ ఉంటుంది, మహా అయితే "అబ్బ, ఎంత మంచి పాట" అనుకుంటారు. ఆ చప్పట్లు నీవి కావు. స్క్రిప్టులో ప్రతి పాట దగ్గరా "ఒరిజినల్ ట్రాక్ ప్లే అవుతుంది" అని రాసుకున్నావు చూడు, అవన్నీ కొట్టెయ్.

వాళ్లనే పాడనీ. మామూలుగా మనం కారులో ఎలా పాడతామో అలా, శ్రుతి తప్పి, చరణం మర్చిపోయి, ఒకళ్లు మొదలెడితే ఇంకొకళ్లు తప్పు దిద్ది, మధ్యలో "ఏసీ తగ్గించు" అని.

మా చిన్నప్పుడు తిరుపతి వెళ్తుంటే మా నాన్న ఘాట్ రోడ్డు మొదలవ్వగానే టేప్ ఆపేసేవారు, మలుపుల్లో హారన్లు వినపడాలని. అప్పటిదాకా వస్తున్న పాట సగంలో తెగిపోయేది. అమ్మ అక్కణ్ణుంచి అందుకునేది. రెండో చరణం ఆవిడకి ఎప్పుడూ రాదు, లలలా అని లాగించేసి మళ్లీ పల్లవికి వచ్చేసేది, పైకి వెళ్లేదాకా అదే తిప్పి తిప్పి. ఆ పాట ఇప్పుడు ఎక్కడైనా ఒరిజినల్ వినిపిస్తే రెండో చరణం దగ్గర నాకు ఎవరో తప్పు పాడుతున్నట్టే ఉంటుంది. ఆ పాట ఎవరిదంటే నేను సినిమా పేరు చెప్పను, మా అమ్మదంటాను. నీ సినిమాలో ప్రతి పాటా అలా ఆ కారులో వాళ్లది అయిపోవాలి, అప్పుడే హీరో మొహం చెరిగిపోతుంది.

ఇంకో సంగతి, ఇలా చేస్తే నీ రైట్స్ తలనొప్పి కూడా సగం తగ్గుతుంది. ప్రొడ్యూసర్ ఆఫీసులో నవ్వారన్నావు కదా, నవ్వడం ఎందుకో చెప్తా. ఒక పాట అంటే చట్టం దృష్టిలో ఒకటి కాదు, మూడు. రాసినాయన మాటలు ఒకటి, కట్టినాయన బాణీ ఒకటి, రికార్డు చేసిన ఆ ధ్వని ఒకటి. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ కి విడుదలైన ఏడాది తర్వాత 60 ఏళ్లు, మాటలకీ బాణీకీ మాత్రం రాసినాయన, కట్టినాయన పోయిన ఏడాది తర్వాత 60 ఏళ్లు. మూడు గడియారాలు, మూడూ వేరు వేరుగా తిరుగుతుంటాయి.

ఉదాహరణకి 1949లో వచ్చిన లైలా మజ్ను. రికార్డింగుల గడువు ఎప్పుడో అయిపోయింది. సంగీతం సి.ఆర్.సుబ్బరామన్ ది, ఆయన పాపం 1952లోనే పోయారు, కాబట్టి ఆయన బాణీల గడువు 2012తో తీరింది. కానీ మాటలు సీనియర్ సముద్రాలవి, ఆయన పోయింది 1968లో, అంటే 2028 డిసెంబర్ 31 దాకా ఆ మాటలు ఎవరో ఒకరి సొత్తే. "పాత పాటే కదా అక్కా, ఫ్రీ కదా" అని రాశావు చూడు, అలా ఉండదు. పింగళి గారు 1971లో, ఘంటసాల 1974లో, శ్రీశ్రీ 1983లో, ఆత్రేయ 1989లో, వేటూరి 2010లో, సిరివెన్నెల 2021లో పోయారు, ఒక్కొక్కరికీ 60 కలుపుకుంటూ పో, నీ లిస్టు మొత్తానికి లెక్క తేలిపోతుంది. సిరివెన్నెల మాటలు ఫ్రీ అయ్యే నాటికి నీ కథలో తొమ్మిదేళ్ల పాప రిటైర్ అయిపోతుంది.

మీ ఆర్టిస్టులే పాడితే మూడో గడియారంతో పని లేదు, మాటలకీ బాణీకీ పర్మిషన్ తెచ్చుకుంటే చాలు. అవి కూడా చాలాసార్లు ఆడియో కంపెనీల చేతిలోనే ఉంటాయి, పాత వాటికి సరిగమ (మన పెద్దవాళ్లు హెచ్‌ఎంవీ అనేది దాన్నే), తర్వాతి వాటికి ఆదిత్య, లహరి ఇలా, పాట పాటకీ ఎవరి దగ్గరుందో కనుక్కుని రాతపూర్వకంగా అడగాలి. అడిగేటప్పుడు "మీ పాట వాడుకోవచ్చా" అని ఒక్క లైన్ మెయిల్ పెట్టకు, జవాబు రాదు. ఎన్ని సెకన్లు, ఎవరు పాడతారు, థియేటరా ఓటీటీనా, ఏ ఏ దేశాలు, ఎన్నేళ్లకి, అన్నీ రాయి. ఒక్క పల్లవి లైనుకీ మొత్తం పాటకీ వాళ్లు చెప్పే రేటులో తేడా ఉంటుంది, అందుకే పది పాటలు లైనుకే పరిమితం చెయ్యమన్నా. ఇళయరాజా గారు 2017లో బాలు గారి కచేరీలకే నోటీసు పంపించారు, అంత స్నేహితులు వాళ్లు. నువ్వూ నేనూ ఎంత?

ఏడు సెకన్ల లోపు అయితే ఎవరూ అడగరని, ముప్ఫై సెకన్ల దాకా పర్లేదని వీడియోల్లో చెప్తుంటారు, అలాంటి రూలు మన చట్టంలో లేనే లేదు. అయిదేళ్లు దాటిన పాటకి రాయల్టీ కట్టి కవర్ (అంటే వేరే గొంతుతో మళ్లీ రికార్డు) చేసుకోవచ్చని ఒక సెక్షన్ ఉంది నిజమే, కానీ అది ఆడియో రికార్డింగ్ వరకే, సినిమాలో పెట్టుకోవడానికి పనికిరాదు. ఇదంతా నేను పుస్తకం చూసి నేర్చుకున్నది కాదులే. నా మొదటి షార్ట్ ఫిల్ముకి ప్రాణం లాంటి పాట ఒకటి పర్మిషన్ లేకుండా పెట్టేసుకుని అప్‌లోడ్ చేశా, మర్నాటికి వీడియోలో సౌండ్ పోయింది, నా హీరోయిన్ మూడు నిమిషాలు చేపలా నోరు తెరిచి మూస్తూ ఉంది. ఇప్పటికీ అలాగే ఉంది అది, తీసెయ్యబుద్ధి కాలేదు. నువ్వు మాత్రం మెయిళ్లు పెట్టేముందు కాపీరైట్ తెలిసిన లాయరుకి ఒక గంట ఫీజు కట్టి లిస్టు చూపించు.

మాటలు మార్చి పాడించే సీన్లు రెండున్నాయి నీ స్క్రిప్టులో, పెసరట్టు మీద ఒకటి, ఫాస్టాగ్ మీద ఒకటి. నవ్వొచ్చింది. కానీ మర్చిపోయి తప్పు పాడటం వేరు, కావాలని మార్చడం వేరు, హక్కులు అమ్మేసుకున్న కవి కూడా తన మాటలు పాడుచేశారని అభ్యంతరం పెట్టొచ్చు, సెక్షన్ 57 ఉంది. పర్మిషన్ అడిగే లెటర్లోనే మార్చిన మాటలు రాసి పంపు. లేదా ఆ రెండూ జానపద బాణీల్లోకి మార్చెయ్.

జానపదం అన్నాను కదా అని ఊళ్లో పాడేదంతా ఎవరిదీ కాదనుకోకు. మీ శ్రీకాకుళం వైపు జానపదం అనుకుని పాడుకునే పాటల్లో వంగపండు ప్రసాదరావు గారు రాసినవి ఎన్ని ఉన్నాయో, ఆయన 2020లో పోయారు, 2080 దాకా అవి ఆయనవే. అన్నమయ్య కీర్తన మాటలకి ఏ అడ్డూ లేదు, ఆయన పోయిందే 1503లో, కానీ మనకి తెలిసిన బాణీల్లో చాలా వరకు ఈ వందేళ్లలో కట్టినవి, బాణీ ఎవరిదో చూసుకోవాలి. నండూరి వారి ఎంకి పాటలు మాత్రం వాడుకో, ఆయన 1957లో పోయారు, వాటి మాటల గడువు 2017తోనే తీరింది. వాటికి కొత్తగా బాణీ కట్టించుకున్నా తప్పులేదు, పెద్దమ్మ నోట్లో ఎంకి పాట ఎంత బావుంటుందో ఊహించు. కొత్త పాట ఒక్కటీ ఉండదన్న నీ ఒట్టు కాస్త సడలించుకోవాలి, అంతే.

ఇక కథలోకి. రెండు ఊళ్ల మధ్య జరిగే సినిమా అయినా నిజానికి నీ లొకేషన్ ఎర్టిగా. రెండు, మూడు, రెండు సీట్లు. ఎవరు ఎక్కడ కూర్చున్నారన్నదే నీ డ్రామా అంతా, కానీ స్క్రిప్టులో ఎక్కడా సీట్లు రాయలేదు నువ్వు. నాన్న డ్రైవింగ్ కదా, పక్క సీటు ఎవరిది? మర్యాదకి పెదనాన్నది, పెద్దవాడు. కానీ మాటల్లేని ఇద్దర్ని ముందు పక్కపక్కన కూర్చోబెట్టడానికి ఇంట్లో ఎవరికీ ధైర్యం ఉండదు, అందుకని అమ్మని ముందు కూర్చోబెట్టి పెదనాన్నని "మధ్యలో అయితే కాళ్లు చాపుకోవచ్చు బావగారూ" అని వెనక్కి సర్దుతారు, అక్కడే ఆయనకి మొదటి అవమానం. పెద్దమ్మ ఆఖరి వరసలో నిమ్మకాయ వాసన చూస్తూ. ఆగిన ప్రతిచోటా ఒక సీటు మారుతుంది, సీటు మారితే కొత్త సీన్. పెదనాన్న ముందు సీట్లోకి ఎప్పుడొస్తాడు అన్నదే సస్పెన్స్, ఇంటర్వెల్ అక్కడ పెట్టుకో.

కౌగిలింత తీసెయ్. 11 ఏళ్లు మాట్లాడుకోని అన్నదమ్ములు పెరట్లో కౌగిలించుకోరు, మన ఇళ్లల్లో అసలు మగవాళ్లు కౌగిలించుకునేదే తక్కువ. వాళ్ల మొదటి మాట చాలా ముందే, చాలా పిచ్చి విషయం మీద రావాలి. నీ అంత్యాక్షరి సీన్ వాడుకో. పంతంగి టోల్ గేట్ దగ్గర సంక్రాంతి ట్రాఫిక్, బండి కదలదు, పాప అంత్యాక్షరి అంటుంది. నాన్న పాట 'ణ' మీద ఆగింది. ఇప్పుడు 'ణ' తో పాట ఎక్కణ్ణుంచి వస్తుంది? 'న' తో పాడొచ్చని అమ్మ, కుదరదని పాప. పెదనాన్న కిటికీలోంచి బయటికి చూస్తూ ఎవరితోనో అన్నట్టు "మా ఇంట్లో ఎప్పుడూ 'న' తోనే పాడేవాళ్లం" అంటాడు. నాన్న అద్దంలోకి చూసి "లేదు, నాన్నగారు ఒప్పుకునేవారు కాదు" అంటాడు. అంతే. 11 ఏళ్ల తర్వాత మొదటి మాట, అది కూడా గొడవే. కారంతా నిశ్శబ్దం. పాట కంటే ముందు ఆ నిశ్శబ్దం రాయి.

పాపని బాగా రాశావు, కానీ ఇంకా వాడుకోవచ్చు. ఈ కాలం పిల్లలకి పాటంటే రీల్ లో వచ్చే పదిహేను సెకన్లు, స్టెప్పుతో సహా వచ్చు, దానికో చరణం ఉంటుందని తెలీదు. పెదనాన్నకేమో చరణాలు పొల్లుపోకుండా వచ్చు, బీట్ తెలీదు. ఇద్దరూ కలిస్తేనే ఒక పాట పూర్తవుతుంది. ఇది ఎవరూ డైలాగులో చెప్పకూడదు సుమా, చెప్పావంటే ఊరుకోను.

కరీంనగర్ కోడలికి పాట ఏది? 22 పాటల్లో ఆ అమ్మాయికి ఒక్కటీ లేదు, ఫ్లాస్కులోంచి టీ పోయడం తప్ప. మొత్తం కారులో తూర్పు యాస మధ్య తనొక్కతే బయటి మనిషి, ఆస్తి గొడవతో సంబంధం లేని మనిషి, నిజం చెప్పగలిగేది తనే. రాత్రి పాపని ఒళ్లో పడుకోబెట్టుకుని మెల్లగా ఒక ఉయ్యాల పాట అందుకుంటుంది, బతుకమ్మ దగ్గర పాడతారే అలాంటిది, పాత సంప్రదాయం పాట, హక్కుల గొడవ లేదు. (ఎవరైనా ఈమధ్య ఆల్బంలో చేసిన మ్యూజిక్ ఎత్తుకోకు మళ్లీ.) ఆఖరి వరసలోంచి పెద్దమ్మ తెలీకుండానే "ఉయ్యాలో" కలుపుతుంది. పెళ్లయిన ఇన్నేళ్లలో అత్తింటివాళ్లు తన పాటకి వంత పాడటం అదే మొదటిసారి.

ఇక రోడ్డు. కారులో డాన్స్ కుదరదు, ఢాబాలో అందరూ లేచి డాన్స్ చేసే సీన్ మాత్రం దయచేసి వద్దు. హైవే మీదే పోతే విజయవాడ, ఏలూరు, తణుకు, రావులపాలెం, తుని, అనకాపల్లి, మొత్తం 800 కిలోమీటర్లకి కాస్త అటూఇటూ, అన్ని చోట్లా ఒకటే డివైడర్. ఒక్కచోట దారి తప్పించు. నరసాపురం వెళ్లి గోదావరి మీద పంటు (మనుషుల్నీ బళ్లనీ దాటించే పెద్ద పడవ) ఎక్కించు కారుని, అవతల సఖినేటిపల్లి. చించినాడ దగ్గర వంతెన ఉంది కదా అని కొడుకు అంటాడు, నాన్న వినడు, చిన్నప్పుడు అన్నదమ్ములిద్దరూ ఆ రేవు దాటారు. పంటు మీద కారు ఆగే ఉంటుంది, ప్రయాణం మాత్రం సాగుతుంటుంది, డ్రైవర్ చేతులు ఖాళీ. పొద్దుట్నుంచీ రోడ్డు మీంచి చూపు తిప్పని నాన్న మొదటిసారి పక్కకి చూడగలిగే చోటు అదే. పూర్తిగా పాడే ఆరు పాటల్లో ఒకటి అక్కడ పెట్టు. షూటింగ్ వరదల టైంలో పెట్టుకోకు, పంటు ఆపేస్తారు.

టైం గురించి ఒకటి. సంక్రాంతి సెలవుల్లో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు తెరవరు బాబూ! నీ కథలో వీళ్లు భోగి రోజు చేరి సంతకాలు పెడుతున్నారు. సెలవులు మొదలయ్యే ముందురోజు సాయంత్రం లోపు టెక్కలి చేరాలి అని పెట్టు, అప్పుడు టోల్ గేట్లో ట్రాఫిక్ కి విలువ వస్తుంది, పంటు కోసం దారి మళ్లితే మనకి గుండె దడ వస్తుంది. ఆలస్యమై ఆఫీసు మూసేశారనుకో, ఇష్టం లేకపోయినా ఇద్దరూ పండగ మూడు రోజులూ ఆ ఇంట్లోనే ఉండాలి. ఆ తర్వాత ఇల్లు అమ్ముతారా లేదా అన్నది నీ ఇష్టం, నాకైతే అమ్మేస్తేనే బావుంటుంది.

మళ్లీ రాసేముందు ఒక పని చెయ్. ఈ ఆదివారం మీ నిజం కుటుంబాన్ని కారెక్కించి సూర్యాపేట దాకా వెళ్లి టిఫిన్ తిని వెనక్కి రండి. మీవాళ్లకి చెప్పే డాష్‌బోర్డు మీద ఫోన్ పెట్టి రికార్డు చెయ్, పాటలు నువ్వు పెట్టకు, ఎవర్నీ పాడమని అడక్కు. ఎవరు ఏ పాట ఎత్తుకున్నారు, ఎక్కడ మర్చిపోయారు, ఎవరు దిద్దారు, అదంతా రాసుకుని నాకు పంపు, నీ 22 లిస్టు పక్కన పెట్టి చూద్దాం. "కొంచెం నిజం కూడా" అని బ్రాకెట్లో రాశావు కాబట్టి అడుగుతున్నా, మీ పెదనాన్నని కూడా పిలువు. వస్తే ముందు సీటు ఆయనకివ్వు.